ఖాళీ బండి తూకం

మండపేటలో మా మిల్లు కాటా మీద
బండి రెండుసార్లు ఎక్కుతుంది,
లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి.
మధ్య తేడాయే ధాన్యం.
పద్దెనిమిదేళ్లుగా ఆ తేడా రాసి బతుకుతున్నాను.

ఇంట్లో మిషను నూట ఇరవై దాటితే
అంకెలు మానేసి గీతలు చూపించేది.
అందుకని ఓ ఆదివారం, హమాలీలు లేని మధ్యాహ్నం,
లారీలెక్కే ఇనప పలక నడిమధ్య
చెప్పులు విప్పి నిలబడ్డాను.
అంకె పడేది గదిలో. పరిగెత్తుకెళ్లి చూద్దును కదా,
నేను దిగాక సున్నా.
చివరికి డ్రైవరు ఏసుపాదం కిటికీలోంచి చూసి
"నూట ముప్ఫయ్యండి" అన్నాడు మెల్లిగా,
చావు కబురు చెప్పినట్టు.
చీటీ మాత్రం కొట్టలేదు.

కాకినాడలో కోశారు.
ముప్పావు వంతు పొట్ట తీసేసి
అరటిపండంత మిగిల్చామన్నారు.
కర్పూరమా, చక్కెరకేళా అని అడిగాను.
డాక్టరుగారు నవ్వలేదు. ఆయనది ఈ వైపు కాదు.

మా అత్త పళ్లాలమ్మ అటక మీంచి
నా కూతురి ఉగ్గుగిన్నె దించి
చింతపండేసి తోమింది.
నలభై మూడో ఏట నాకు రెండో అన్నప్రాసన:
పప్పుకట్టు రెండు చెంచాలు,
గుడ్డు తెల్లసొనలో పావు.
ముప్ఫైసార్లు నమలాలి.
ఇరవై రెండు దగ్గరే నోరు ఖాళీ అయిపోతుంది.
అయినా నములుతాను,
గుమస్తాని, లెక్క పూర్తి చెయ్యాలిగా.
మిల్లు వెనక కాలవ నిండుగా పోతుంటుంది.
తిండికి అరగంట ముందు, అరగంట తర్వాత
నేను లాకులు దించుకుని కూర్చుంటాను.

"షుగరా?" అంటారు. "బెంగా?" అంటారు.
రోడ్డు రోలరని పిలిచిన నోళ్లే
"అయ్యో, ఇలా చిక్కిపోయేవేంటే" అంటాయి.
దువ్వెన నిండా జుట్టు.
గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.
బస్సులో నా పక్క సీటు ఇప్పుడు సీటే.
ఎవరో పరాయి ఆడమనిషి
రామచంద్రపురం దాకా నా భుజం మీద నిద్రపోయింది.
మధ్యలో ఒకసారి ఎముక గుచ్చుకుందేమో,
తల సర్దుకుని మళ్లీ పడుకుంది.
నా స్టాపు దాటిపోయినా కదల్లేదు నేను.

ద్రాక్షారామంలో పెళ్లి.
పూతరేకు కదా, కాగితమంత, ఏం చేస్తుందిలే అనుకున్నాను.
పావుగంటకి గుండె ఆయిలింజనైంది.
చల్లటి చెమట, కళ్లు తిరుగుడు,
వంటవాళ్ల గాడిపొయ్యిల వెనక కూలబడ్డాను.
నోట్లో తీపి మాత్రం అప్పటికీ బాగానే ఉంది.
అది చెప్పకుండా ఉండలేను.

అన్నిటికంటే కష్టం, వదలడం.
తొంభై ఆరు తుఫానుకి
మా లంకలోకి నాలుగో రోజున పడవొచ్చింది.
మనిషికో పులిహోర పొట్లం.
నాన్న తన పొట్లం నా ముందుకి తోసి
ఆకుకి అంటిన పసుపు నాకాడు.
అప్పట్నుంచి నా కంచంలో మెతుకు మిగల్లేదు.
పిల్ల వదిలింది, గిన్నెలో అడుగంటింది,
కుక్కకని తీసిపెట్టింది, అన్నీ నేనే.
ఇప్పుడు మూడో ముద్దకే
గుండె కింద ఎవరో వేలు పెట్టి నొక్కుతారు.
చెయ్యి కడుక్కోలేక
మిగిలిన అన్నాన్ని చూస్తూ కూర్చుంటాను.
ఆకలి లేదు. దాన్ని స్టీలు ట్రేలో పట్టుకుపోయారు.
మరి ఈ వేళ్లెందుకు మెతుకులు ఏరుతున్నాయి?
పళ్లాలమ్మ ఏమీ అనదు.
నా కంచం తన ముందుకి లాక్కుని
మజ్జిగ పోసుకుంటుంది.

నిన్న ఏసుపాదం "ఎక్కండి, చూద్దారి" అన్నాడు.
చెప్పులు విప్పి ఎక్కాను.
"ఎనభయ్యండి!" ఈసారి అరిచాడు.
మా కాటాకి పదులే తెలుసు, ఒకట్లు తెలియవు.
పుస్తకంలో లోడు నూట ముప్ఫై, ఖాళీ ఎనభై,
తేడా యాభై అని రాసి
సరుకు పేరు దగ్గర పెన్ను ఆగింది.
వెనక హారను కొడుతున్నారు.
ద్వారపూడి బండి, తడి ధాన్యం.
గడి అలాగే వదిలేసి
పేజీ తిప్పాను.