సెంటీమీటరు లెక్క

మే నెల, పన్నెండున్నర,
కళ్యాణదుర్గం బస్టాండులో దిగె ఎత్తోరె.
చీటీ చూపిస్తూ "కుళ్ళాయప్ప?" అనె.
చీటీలో నా పేరు తప్పు.
ఇరవై ఏండ్ల విలేకరిని, మా పేపరే ఎప్పుడూ
సరిగ్గా వేసింది లేదు, ఎవరినని ఏం లాభం!

ఆయప్ప సంగతి బస్సులో చెప్పె.
ఇటలీలో ఓడలొచ్చే ఊరంట, ఒకే పేపరంట, ముప్పై ఎనిమిదేండ్లంట.
మొదట చావు ప్రకటనల్లో తప్పులు దిద్దినాడు,
తర్వాత కోర్టు, తర్వాత రేవు,
రెండు యుద్ధాలు, ఒక భూకంపం,
ఆరు పుస్తకాలు.
రెండు పెళ్ళిళ్ళు, రెండూ పేపరు మింగేసింది.
"మరి నీది?"

నాది బుడ్డల ధరతో మొదలు.
యార్డులో క్వింటా ఎంతో రెండు వాక్యాలు రాసి
కండక్టరు చేతికిస్తే అనంతపురం చేరేది.
అచ్చయినదాన్ని స్కేలుతో కొలిచి,
కత్తిరించి, నోటుబుక్కులో అంటించి, నెలాఖరుకు బిల్లు.
సెంటీమీటరుకు రూపాయిన్నర.
రైతు ఉరేసుకుంటే ఆరు సెంటీమీటర్లు,
ఫొటో దొరికితే ఎనిమిది.

ఆయప్ప పెన్నుకు మూత పెట్టె.
బ్రహ్మసముద్రం దాటేదాకా మాట్లాడలేదు.

తిప్పక్క ఇంటి ముందర నులకమంచం.
నా ప్రశ్నలు నాకు నోటికొచ్చు:
వయసెంత, ఎకరాలెన్ని, అప్పెంత, ఏ మందు తాగినాడు.
ఆయప్ప అవేవీ అడగలేదు.
"మీ ఆయన దేనికి నవ్వేవాడు?"

తెలుగులో చెప్పను నాకే నోరు రాలేదు.
ఎట్లనో అడిగితి.
తిప్పక్క కొంగు మెలితిప్పుకుంటా శానాసేపు నేలచూపు చూసి
"మేకపిల్ల తుమ్మితే" అనె.
"మేకపిల్ల తుమ్మితే వన్నూరప్ప పడీ పడీ నవ్వుతుండె."

తుమ్ముకు నా ఇంగ్లీషులో మాట లేదు.
నాలుగు కాళ్ళమీద వంగి మేకపిల్ల మాదిరి తుమ్మి చూపిస్తి.
ఎత్తోరె నవ్వె, నేను నవ్వితి,
చావైన పదకొండో నాడు
తిప్పక్క కూడా నవ్వి, వెంటనే నోరు మూసుకొనె.

రెండేండ్లకు పోస్టులో పుస్తకం వచ్చె.
ముక్క అర్థం కాని భాష.
రెండు రాత్రులు తిరగేస్తే రెండొందల పద్నాలుగో పేజీలో
నా పేరు. ఒక్క అక్షరం తప్పు లేదు.

మరుసటి రోజే పోయి, అదే మంచం మీద కూర్చొని
ఆ పేరా కింద వేలు పెట్టి
"తుమ్ము ఇక్కడ్నే యాడో ఉంది తిప్పక్కా" అంటి.
అక్షరాలను తడిమి చూసి
"రొంత పెద్దగానే రాసినాడా?" అనె.

అలవాటు పోతుందా,
జేబులోంచి స్కేలు తీస్తి.
పదకొండు.