చీల

కంచరపాలెం గేటు దాటాక ఎడంచేతి వైపు
మూడో తుక్కు కొట్టు మాది.
ఇనుముకో ధర, ఇత్తడికో ధర.
కథ ఉందంటే మాత్రం ధర కట్టను, వింటాను.

మొన్న పాత డాబా కూల్చిన కూలీ ఒకడు
బస్తా అడుగు నుంచి తీసాడు దీన్ని:
ఒక పక్క చెంచా, ఒక పక్క ముల్లు,
నడుమ మడతపడే చాకు.
మూసేస్తే బొటనవేలంత మందం.
సిపాయి జేబులో పట్టేలా
ఆకలిని మడిచిన సామాను.

చింతపండు పెట్టి తోమితే
మెడ దగ్గర ముద్ర తేలింది.
చేసిన కంపెనీ పేరులో మూడక్షరాలు,
ఒక కిరీటం, ఒక నంబరు.
లోతుగానే కొట్టారు, మిషను కదా.
చెంచా గుంటలో ఇంకో రాత ఉంది,
మేకుతో గీసింది, తెలుగు "పై".
పైడయ్యో, పైడిరాజో,
ఏ ఓడెక్కాడో బర్మా వైపు.
రోజూ తోమి తోమి
తన పేరు సగం తనే తినేసాడు.

నేను ఆగిపోయింది అక్కడ కాదు, చీల దగ్గర.
ఉక్కు చీల ఉండాల్సిన చోట రాగిది.
కాణీని సాగ్గొట్టి చేసారు,
భూతద్దంలో రాజుగారి చెవి ఇంకా కనిపిస్తోంది.
తల మీద అయిదు దెబ్బలు, గన్నేరు పువ్వులా.

ఆ పువ్వు నాకు తెలుసు.
మా అమ్మ అట్లకాడ పిడికి ఉంది,
పిన్ని వాళ్ల కావిడిపెట్టె గొళ్లేనికి ఉంది.
మా ముత్తాత లక్కోజు సింగరాచారి
కోటవీధి అరుగు మీద కొలిమి పెట్టిన రోజుల్లో
సిపాయిలు వరస కట్టేవారంట
అన్నం డబ్బాలకి మాటు వేయించుకోడానికి.
మాటేసిన డబ్బాలో చోడంబలి పోసి
ఒక పూట ఉంచేవాడంట, కారుతుందేమోనని.
కారకపోతే తాగేసేవాడు, అదే లాభం.
ముల్లు చెంచాని ఎలా పరీక్షించాలో తెలీక
వీపు గోక్కున్నాడని మా నాయనమ్మ నవ్వేది.

బాంబులు పడ్డాక ఊరు ఖాళీ అవుతుంటే
సగం మాటేసిన పదకొండు డబ్బాలు
మూటకట్టి నెత్తినెట్టుకుని
సింహాచలం దారి పట్టాడంట.
తిరిగొచ్చాక
అడగడానికి వచ్చింది నలుగురే.
మిగతా ఏడు ఏమయ్యాయో
నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న బీచ్ రోడ్డు నుంచి ఒకాయన వచ్చాడు,
యుద్ధం సామాను కూడబెడతాడంట.
చేతులకి గుడ్డ తొడుగులేసుకుని పట్టుకున్నాడు.
ముద్ర చూసి ముఖం వెలిగింది.
చీల చూసి ఆరింది.
"ఇది అసలుది కాదమ్మా. సగమే ఇస్తాను."

సన్న ఉలి తీసాను.
పువ్వు లేని వైపు పెట్టి
ఒక్క దెబ్బ.
"చెంచా మీది, ముల్లు మీది, చాకు మీది.
అసలు ధర ఇవ్వండి.
మధ్యలోది మాది."

బేరమాడకుండా ఇచ్చాడు పాపం.

దీపాలేళకి చీలని కాటా మీద పెట్టి చూసాను.
ముల్లు కదల్లేదు.
ఏ లెక్కలో రాయాలో తోచక
బోణీ డబ్బాలో పడేసాను.
రాగి కదా,
ఊపితే వినిపిస్తుంది.