కాగితం పరీక్ష

మళ్ళీ ఇస్త్రీపెట్టె కనిపించడం లేదు.
వెతకను.
కింద గరాజులోంచి మైనం కరిగిన వాసన.

యెర్నెయ్ పగలంతా బస్సు నడుపుతాడు
బ్లెడ్ నుంచి పైన పొక్ల్యుకా దాకా, వంపుల మీద వంపులు.
రాత్రికి దిగొచ్చి
కర్రకి వంపు నేర్పుతాడు.

మా స్లోవేనియన్ మాటల్లో యెసెన్ అంటే ఒక చెట్టు.
యెసెన్ అంటే ఆకురాలే కాలం కూడా.
ఇప్పుడు రెండూ ఒకటే అయిపోయాయి:
ఏదో బూజు పట్టి, వాలు మీది యెసెన్లన్నీ
ఎండాకాలంలోనే కొసల నుంచి రాలిపోతున్నాయి.
అడవి కాపలావాళ్ళు ఎర్రచుక్క పెట్టిన మానుని
మరిది గాష్పర్ ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చాడు.
పలకలు రెండు చలికాలాలు మా మెట్ల మీదే ఆరాయి.
నేను పక్కవాటుగా నడవడం నేర్చుకున్నాను.

మూతపడ్డ ఉక్కు కార్ఖానా దూలాలు రెండు,
మధ్యలో ఫైరింజనువాళ్ళు పారేసిన గొట్టం,
అందులో గాలి నింపితే, అదీ ప్రెస్సు.
వేడికి అత్తగారి కరెంటు దుప్పటి.
దాని మీద ఎవరికీ చెప్పకుండా మా పిల్లి.

మొదటి జత పొరలు పొరలుగా విడిపోయింది.
రెండో జత ఎడమొహం పెడమొహం.
మూడోది నాకట.

"నీ బరువెంత?"
చెవి మీద పెన్సిలు, తల ఎత్తకుండా అడిగాడు.
టర్నిప్పులు చెక్కుతున్నాను.
"అరవై ఎనిమిది" అన్నాను
టైమెంతంటే చెప్పినట్టు.
కర్ర మీద రాసుకున్నాడు.
ఆ అంకెని నమ్మి, రెండు వారాలు
వెంట్రుకవాసి చొప్పున చిత్రిక పట్టాడు.

పైపొరకి నేనే ఇచ్చాను
వంటింటి కిటికీకి వేలాడిన బెర్రీల తెర.
ఎపాక్సీ తడికి ఆ గుడ్డ గాజులా పలచనైంది.
అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు.
నాది అతికింది.
బెర్రీల మధ్య నుంచి తొంగి చూస్తోంది
పెన్సిలు గీతల అరవై ఎనిమిది.

ఆదివారం గరాజు నేల మీద స్కీలు పరిచాడు.
నన్ను ఎక్కమన్నాడు, రెండు కాళ్ళ మీదా సమంగా.
స్కీ నడుము కింద ఒక కాగితం పట్టేంత సందు మిగలాలి,
అదీ పరీక్ష.
పాత బస్సు టైంటేబుల్ దూర్చి
బోర్లా పడుకుని లాగాడు.
రాలేదు.
"ఊపిరి బిగబట్టు" అన్నాడు.
బిగబట్టాను.
టైంటేబుల్ చిరిగింది. ఏడూ నలభై బస్సు అతని చేతిలో,
మిగతా రోజంతా నా కాలి కింద.

జిగురు పాళ్ళు మళ్ళీ లెక్కేశాడు.
వేడి ఎక్కువైందా అని దుప్పటి తడిమాడు.
చివరికి లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ,
"చెట్టుదే లోపం. జబ్బు మాను కదా,
లోపల మెత్తబడి ఉంటుంది" అన్నాడు.

చచ్చిన చెట్టు మీద నింద.
అది మాత్రం మింగుడు పడలేదు నాకు.
పైకి వెళ్ళాను.
స్నానాలగది తూకం చంకలో పెట్టుకుని దిగి
రంపపు పొట్టు మీద ఉంచి, ఎక్కి నిలబడ్డాను.
ముల్లు ఊగి ఊగి డెబ్బై నాలుగు దగ్గర ఆగింది.
అతను వంగి చూశాడు.
నవ్వుతాడనుకున్నాను.
చెవి మీది పెన్సిలు తీసి, కొత్త పలక వెతుక్కున్నాడు.

ఆ జత ఇప్పుడు గాష్పర్ కూతురు నేజాది.
దాని కాళ్ళ కింద కాగితం వెన్నలా జారింది.
మొన్న పొక్ల్యుకా మంచులో ఆగి, పైపొర తుడిచి అడిగింది,
"పెదనాన్నా, ఏంటీ అరవై ఎనిమిది?"

"బస్సు నంబరు" అన్నాడు యెర్నెయ్,
నా వైపు చూడకుండా.
"ఇప్పుడా రూటు లేదులే."