ఏడో ఆల్బమ్

బేతంచెర్లలో రాత్రిపూట కరెంటు పోతేనే
మా కచ్చేరి మొదలు.
కోత మిషన్లు నోరు మూసుకుంటాయి.
నాపరాళ్ల దొంతి మీద
బ్యాటరీల టేపురికార్డరు పెడతాడు ఉసేనయ్య.

మొదటి మూడింటికీ పేచీ లేదు.
నాలుగో దాంట్లో పాడేవాడు మారినాడు.
"గొంతులో కంకర లేదప్పా" అని రంగముని.
"కంకర ఎల్లకాలం ఉంటాదా" అని నేను.
ఐదునూ ఆరునూ
ఉగ్గాని చల్లారిపోయేదాకా తిట్టినాం.

మద్దిలేటి మాత్రం ఉలకలేదు.
పన్నెండేండ్లు రంపం పక్కన నిలబడినోడు,
కుడిచెవి ఎప్పుడో రాయికిచ్చేసినాడు.
ఏడోది పెట్టంగానే
పైబండ మీద అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకున్నాడు.

రెండు పాటలు. మూడోదాంట్లో సగం.

"డ్రమ్ములు కొట్టింది మనిషి కాదు" అన్నాడు,
"మిషను.
ఒక్క దెబ్బన్నా అలిసిపోలేదు సూడు."

క్యాసెట్టు అట్ట మడతలిప్పి
టార్చి వెలుతురులో చీమలంత అక్షరాలు వెతికినాం.
గిటార్లకు ఇద్దరు, గొంతుకు ఒకడు,
ఆఖరికి టీ ఇచ్చినోనికి కూడా కృతజ్ఞతలు.
డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు.

అంతలో కరెంటొచ్చింది.
మద్దిలేటి చెయ్యి దులుపుకొని
షెడ్డులోకి పోయినాడు.

మా మార్కుల నోటుబుక్కులో
ఏడో గడి ఇప్పటికీ ఖాళీనే,
దాని మీద
తెల్లటి రాతిపొడి వేలిముద్ర ఒకటి.