సన్న గొంతులు

ఆదోనిలో పత్తి కాలం.
జిన్నింగు మిల్లు మోటార్లు ఎత్తుకున్న నిమిషానికి
మోడెం మీద పచ్చ లైటు మిణుకుమంటుంది,
ఆపైన లేదు.
మండీ లెక్కలు సగం పోయి సగంలో నిలుస్తాయి,
సేటు ఫోను చేసి తిడతాడు,
ఆ తిట్లూ గరగరమనే వస్తాయి.

నాలుగోరోజు ఉరుకుందు వచ్చినాడు,
సైకిలుకు నిచ్చెన, చెవి సందులో బీడీ.
గోడ మీది డబ్బా మూత తీసి
రెండు రాగి పోగులు బయటికి లాగినాడు.
"ఇంతేనమ్మా. సేటు తిట్టేదీ దీంట్లోనే,
నీ నెట్టు వచ్చేదీ దీంట్లోనే."

ఒకే బాటలో రెండు బండ్లు ఎట్ల పోతాయంటి.
బండ్లు కాదంట, గొంతులంట.
మాటది లావు గొంతు, కింద నడుస్తుంది.
నెట్టుది సన్న గొంతు, ఒకటి కాదు, వందలు,
మన చెవికి ఎక్కనంత పైన.
ఒకదాని మీద ఒకటి పడకుండా
ఫోను ముందర అగ్గిపెట్టెంత డబ్బా కాపలా.
దాన్ని నేను ఎక్కువొచ్చిన సామాననుకొని
అట్టపెట్టెలోనే పెట్టింటి.

పోగులకు పురి పెట్టేది
పక్కింటోళ్ల మాట అంటకుండానంట.
యాడో పురి విడిందని
స్తంభం స్తంభం ఎక్కి దిగి మధ్యాహ్నానికి వచ్చినాడు.
మురికి కాలవ పక్కన జాయింటు, చిలుం పట్టి.
"ఎవడ్రా ఇట్ల మెలేసిందని తిట్టుకుంటి.
చూస్తే నా ముడే. తొంభై ఎనిమిదిలోది."

మోడెం మళ్లీ మొదలుపెట్టింది.
ఈ కొన నుంచి ఇది, ఎక్స్‌చేంజిలోంచి ఇంకోటి,
ఒక్కో గొంతునూ పిలిచి చూసుకుంటాయంట.
పలికినదానికి మోయగలిగినంత బరువు.
పలకనిదాన్ని వదిలేసి ముందుకు.

"మూడున్నర కిలోమీటర్లమ్మా ఎక్స్‌చేంజికి.
దూరానికి మొదట సచ్చేవి సన్న గొంతులే.
లావుది ఎట్లోకట్ల ఈడ్చుకొని వస్తాది."
పనిముట్లు సంచిలో వేసుకుంటా
నాతో కాదన్నట్టు అన్నాడు:
"నా చెవీ అట్లే అయ్యింది.
డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించినాడు,
ఒక పక్కకు వాలిపోయింది.
నా మనవరాలు పిలిస్తే వినపడదు.
వాళ్ల నాయన అరిచేది మాత్రం బాగా వినపడతాది."

నేనేం అనలేదు. మజ్జిగ ఇచ్చినా.
నాలుగింటికి మిల్లు కూసింది.
ఇద్దరం లైటు దిక్కే చూస్తా ఉంటిమి.
వణికింది.
కొన్నిటిని వదిలేసింది కామాల,
నిలబడింది.
ఒక ఎంబీకి కొంచెం తక్కువ. పత్తి రేట్లకు చాలు.

స్క్రూడ్రైవరు కిటికీలో మర్చిపోయినాడు.
నిచ్చెన సందు మలుపు తిరుగుతుంటే
గట్టిగా అరిస్తిని.
తిరిగి చూడలేదు.
గొంతు దించి, మా సేటు మాదిరి లావుగా
ఇంకొకసారి పిలిస్తి.

సైకిలు ఆగింది.