నూనె బుడ్డి

శ్రావణంలో అమలాపురం గాలిని
పిండితే నీళ్లు కారతాయి.
ట్రెజరీ గార్డు గదిలో
అప్పడాలే కాదు, ఇనుమూ మెత్తబడినట్టుంటుంది.

శనివారం. గోనెపట్టా పరిచి
త్రీ నాట్ త్రీని ఒళ్లోకి తీసుకుంటాను.
బోల్టు విప్పగానే
ఎవరిదో పాత ట్రంకుపెట్టె తెరిచిన వాసన.

నాకు నేర్పింది హెడ్డు వాసంశెట్టి తాతబ్బాయిగారు.
“పులుసులో నూనె తేలాలమ్మాయ్,
తుపాకీలో తేలకూడదు.
నాలుగు చుక్కలు. అయిదోది దుమ్ముకి విందు.
కొబ్బరినూనె జోలికి మాత్రం పోకు.
జుట్టుకి మంచిదే గానీ
పుష్యమాసం చలికి పేరుకుని
బోల్టు పట్టేస్తది.”

ఏ కంపెనీ సీసా వచ్చినా
ఆయన రంగూన్ నూనె అనే అనేవారు.
వాళ్ల తాత రంగూను వెళ్లి తిరిగి రాలేదట.
“నూనె పేరైనా వచ్చింది కదా” అని నవ్వేవారు.

ఇత్తడి గుండు గొట్టంలోకి జారుతుంది,
వెనకాలే తాడు, తాడు కొసన ఫ్లానెల్ ముక్క.
ఒక్క లాగు. మసి.
మళ్లీ. టీ రంగు.
మళ్లీ.
కిటికీ వైపు తిప్పి కన్ను ఆనిస్తే
లోపల మెలి తిరిగిన వెలుతురు,
లాకు తలుపు ఎత్తగానే
కాలవ నీళ్లు సుడి తిరిగినట్టు.

మడమ దగ్గర ఇత్తడి మూత.
దాని కింద నూనె బుడ్డి దాచే అర.
ఇన్నేళ్లూ ఇరుక్కుపోయి రాని బుడ్డి
ఇవాళ తట్టి తట్టి లాగితే
వచ్చింది. దాని వెనక
తుప్పు పట్టిన గాలం,
మూరెడు దారం,
రాయైపోయిన పిండి ముద్ద.

ఎవడో మహానుభావుడు
బొబ్బర్లంక లాకు దగ్గరో ఎక్కడో కాపలా కాస్తూ
సర్కారు తాడుకి సర్కారు గుండుండగా
జెల్లలు పట్టాడన్నమాట!

రిజిస్టరులో దీని నంబరు ఎదురుగా
కాల్చిన తూటాలు: ప్రాక్టీసుకిన్ని, గౌరవ వందనానికిన్ని.
చంపినవి అనే గడి లేదు.
ఉంటే ఇవాళ నింపేదాన్ని:
జెల్లలు. లెక్క తెలీదు.

సోమవారం కాకినాడ నుంచి లారీ వస్తుంది.
పాతవన్నీ గ్యాసుతో కోసేస్తారట.
అయినా కర్రకి అవిసెనూనె రాస్తున్నాను,
అరచెయ్యి వేడెక్కేదాకా.
ఎందుకని అడిగితే
నా దగ్గరా జవాబు లేదు.

బోల్టుకి నాలుగు చుక్కలు.
అయిదోది గాలానికి వేశాను.
అది ఏ రిజిస్టరులోనూ లేదు.