అర సెకను

"నిలబడమ్మా" అన్నాను.
ఆవిడ నవ్వింది.
"ఇక్కడ కూడానా బాబూ?"

మహారాణిపేటలో మెట్లు దిగితే వచ్చే మా స్కానింగ్ గది.
పైన అల్పపీడనం వాన.
ఏసీ నీళ్ళు కారే మూల ఒక బకెట్.
రెండు మెట్ల చెక్కపీట ఎక్కి
గోడ కమ్మీ పట్టుకుంది నూకరత్నం,
బరువంతా ఎడమకాలి మీద వేసి
కుడికాలు కొంచెం బయటికి తిప్పి.
కింద చక్రాల స్టూలు మీద నేను.
పడుకోబెడితే ఈ జబ్బు సరిగ్గా దొరకదు.
పడుకున్న కాలు సగమే నిజం చెబుతుంది.

జగదాంబ దగ్గర నాలుగంతస్తుల చీరల కొట్టు,
రెండో అంతస్తులో పట్టు విభాగం,
పదిహేడేళ్ళు.
"కొనేవోళ్ళు కూకుంటారు, మేం నిలబడతాం.
గోడకి ఆనుకున్నా కెమెరా సూస్తాది."
చీలమండ లోపలివైపు చర్మం
ముదురుపాకం బెల్లం రంగు.
దాని నడుమ రూపాయి బిళ్ళంత పుండు.
ఆషాఢం సేల్‌లో మొదలైంది,
దసరా దాటినా మానలేదు.
ఒకరు పసుపు పెట్టమన్నారట,
ఒకరు చుట్టబూడిద.
ఆవిడ కుచ్చిళ్ళు అంగుళం కిందికి దించింది, అంతే.

జెల్ చల్లగా ఉంటుందని చెప్పేలోపే
చల్లగా తగిలింది.
గజ్జ దగ్గర మొదలుపెట్టాను.
తెర మీద బూడిదరంగు మసక,
అందులో రెండు గుండ్రటి నల్లబొట్లు.
కొట్టుకునేది ధమని, పక్కన ఊరుకున్నది సిర.
ప్రోబుతో నొక్కితే సిర
కన్ను గీటినట్టు మూసుకుంది.
మంచిదే. లోపల గడ్డ లేదు.

అప్పుడు పిక్కని పిడికిట పట్టి పిండాను.
నెత్తురు పైకి లేచింది నీలంగా.
వదిలేశాను.

ఇక్కడే ఉంది అసలు సంగతి.
సిర లోపల రెండు రేకుల తలుపులుంటాయి,
ఉల్లిపొర కంటే పల్చన.
పైకి పోయిన నెత్తుటిని
మళ్ళీ కిందికి రానీకుండా మూసుకోవాలి.
అర సెకను జారితే క్షమిస్తాయి మా లెక్కలు.
నూకరత్నం కాలిలో
నీలం కాస్తా ఎర్రబడి
కిందికి, కిందికి,
స్పీకరులో సుయ్యిమంటూ
ఒకటి
రెండు
మూడు
నాలుగో సెకనుకి గాని ఆగలేదు.

"అదేటి బాబూ ఆ సప్పుడు?"
నెత్తురేనమ్మా, వెనక్కొస్తోంది.
సముద్రంలా ఉందంటుందనుకున్నాను,
ఈ ఊళ్ళో అందరూ అదే అంటారు.
ఆవిడ కాసేపు చెవి ఒగ్గి విని
"బల్ల మీంచి పట్టుచీర మడత జారిపోతే
ఇలాగే అంటాది" అంది.

తొడ పొడవునా దిగాను, మోకాలు దాటాను.
పుండుకి సరిగ్గా అడుగున ఒక అడ్డసిర,
నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు,
లోపలి బరువంతా చర్మం మీదికి తోస్తూ.
కాగితం మీద కాలిబొమ్మ గీసి
తలుపు పడని చోటల్లా బాణం వేశాను.

"లేజరంటే ఎన్నాళ్ళు సెలవు పెట్టాల?"
అది డాక్టరుగారు చెబుతారమ్మా.
బిగుతు మేజోళ్ళు రాస్తారు,
కాళ్ళు ఎత్తులో పెట్టుకోమంటారు,
ఎక్కువసేపు నిలబడొద్దంటారు.
ఆ ఆఖరి మాట ఎవరికి చెప్పాలో
ఎవరూ రాయరు.
నా ఫారంలో ఆ గడి లేదు.

"దిగి కూర్చో" అని స్టూలు జరిపాను.
సగమే కూర్చుంది,
ఫ్లోర్ మేనేజరు పిలుస్తాడన్నట్టు
ఒక పాదం నేల మీద సిద్ధంగా ఉంచుకుని.
జెల్ తుడుచుకుంది.
చెప్పులు వెతుక్కుంటూ లేచి,
మంచం మీద ఎవరూ పడుకోని తెల్లదుప్పటిని
తన చేతులకే తెలియనట్టు
అంచుకి అంచు కలిపి, నాలుగు మడతలు పెట్టి,
అరచేత్తో ఒక్క నిమురు నిమిరి
నా ముందు పెట్టింది.
ధర చెప్పబోయినట్టు నోరు తెరిచి
నవ్వేసింది.

తర్వాతి టోకెను పిలిచాను.
సిరిపురం జంక్షన్ హోంగార్డు, రెండు కాళ్ళూ.
పీట తుడిచాను.
దుప్పటి విప్పబుద్ధి కాలేదు.